కత్తికొలిమి వృద్ధిక్షయములు



ఈ వత్సరపు మహాసభాసంచికకు చరిత్రవిషయమున నొక వ్యాసము వ్రాసి పంపవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మన సంచికలలో ప్రాచీనవైభవమును గూర్చిన వ్యాసములకు కొదువ లేదు. గుడులు గట్టినవారము మనము, తేరులు చెక్కినవారము మనము, నాగలికి కర్రు నిచ్చి లోకమునకు కూడు పెట్టినవారము మనము అని యేటేట చదువుచున్నాము. చదివి సంతోషించి సంచికను బీరువాలో భద్రపఱచుచున్నాము. ఈ మాఱు మేము వైభవమును గాక, వైభవము చేజాఱిన విధమును వ్రాయ దలచితిమి. అందును, మన వృత్తినే చేసికొని బ్రదికిన పరదేశపు కమ్మరుల కథను ముఖ్యముగా గ్రహించితిమి. పరుల యింటి కథలో మన యింటి తప్పు తేటగా కనబడును.

మొదట మన యింటి మాట. వేదమున కమ్మరికి కర్మారుడని పేరు. మన కమ్మరి శబ్దము దానినుండియే వచ్చినదని పెద్దలందురు. సుశ్రుతుడు తన సంహితలో శస్త్రవైద్యునకు వలసిన యిరువది శస్త్రములను జెప్పి, వాని ధార యెట్లుండవలయునో కొలత లిచ్చినాడు. చీల్చు శస్త్రమునకు చిఱుసెనగబద్ద యంచంత ధార, గీకుదానికి అందు సగము, గ్రుచ్చుదానికి వెండ్రుకవాసి, కోయుదానికి అర్ధకేశప్రమాణము. ఆ శస్త్రములకు పదును పట్టించుటను పాయన మనిరి. అది క్షారమున, ఉదకమున, తైలమున నని మూడు తెఱగులు. సానకు మినుపవన్నె నున్నని ఱాయి, ధార చెడకుండుటకు బూరుగుపలక. వైద్యుడు గ్రంథము వ్రాసెను. ఆ వెండ్రుకవాసి ధారను తీసి చేతికిచ్చినవాడు మాత్రము కర్మారుడు. అతని పేరు ఏ గ్రంథమునను లేదు. అతడును ఏ గ్రంథమును వ్రాయలేదు. ఈ మాట మనస్సున నుంచుకొనవలయును. చివర మరల వత్తుము.

తెలుగునేలపై కత్తుల వ్యాపారము చిన్నది కాదు. 17వ శతాబ్దమున దక్కనుమీదుగా పోయిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, నేటి నిజామాబాదు జిల్లాలోని యిందల్వాయిని గూర్చి వ్రాయుచు, అచ్చట ఖడ్గములు, బాకులు, బల్లెములు విస్తారముగా చేయబడి హిందూదేశమంతట నమ్ముడు వోవుచుండెననియు, ఇనుము దాపుననున్న కొండనుండియే తీయబడుచుండెననియు చెప్పెను. అదే శతాబ్దమున తావెర్నియే యను రత్నవర్తకుడు, డమాస్కసు వన్నె తేలదగిన యుక్కు గోలకొండరాజ్యమునుండియే పారసీకమునకు వచ్చుచున్నదని వ్రాసెను. ఆ జిల్లాలోనిదే కోనసముద్రము. 1820 ప్రాంతమున వాయిసీ యను ఆంగ్లేయవైద్యు డా గ్రామమునకు పోయి మూసలలో ఉక్కు కరగించు విధమును కన్నులార చూచి వ్రాసిపెట్టెను. అది 1832లో కలకత్తాలో ప్రకటింపబడెను. ఇస్పహానునుండి వర్తకులు అంతదూరము వచ్చి, మన కమ్మరుల యుక్కుముద్దలను కొనిపోవుచుండిరని యతడు చెప్పెను.

1794లో బొంబాయినుండి స్కాటను వైద్యుడు ఈ జాతి యుక్కును లండనునందలి రాయల్ సొసైటీ అధ్యక్షునకు పంపెను. మఱుసటి యేట పియర్సను దానిని పరీక్షించి యొక పత్రము చదివెను. ఆంగ్లేయులు దానికి 'వూట్జ్' అని పేరు పెట్టిరి. అది మన 'ఉక్కు' శబ్దమే వారి వ్రాతలో వంకరపోయిన రూపమని పలువురి మతము. కన్నడులును ఉక్కనియే యందురు గనుక అన్నదమ్ముల పంపకముగా నుంచుదము. లండనున స్ట్రాండు వీథిలో స్టోడార్టు అను కత్తులవాడు చిన్న యంగడి నడుపుచుండెను. అతడు మన యుక్కుతో వైద్యశస్త్రములు, చిన్నకత్తులు చేసి, ఐరోపాలో దీనికి సాటి లేదని తన యంగడిచీటిమీద అచ్చొత్తించెను. అతడును ఫారడేయును గలసి ఉక్కులో నితరలోహములను గలిపి పరీక్షించి 1820లోను 1822లోను ఫలితములను ప్రకటించిరి. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన యా ఫారడే కమ్మరి కుమారుడు. కమ్మరిబిడ్డ చదివి, చదివిన పిమ్మటను లోహమును విడువక, తాను కనుగొన్నదానిని కాగితముపై పెట్టెను. మన కొలిమివారు కరగించిరి. వాయిసీ వ్రాసెను, పియర్సను వ్రాసెను, ఫారడే వ్రాసెను. ఇరువుర భేద మీ యొక్క క్రియాపదమున నున్నది.

ఇక షెఫీల్డు కథ. ఇంగ్లండున యార్కుషైరులో నైదేఱులు గూడు చోట నా పట్టణ మున్నది. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్లీ, రివెలిన్ అని వాని పేరులు. ఏటివేగమున చక్రము తిరుగును, చక్రమున సానఱాయి తిరుగును. 14వ శతాబ్దపు కవి చాసర్ తన కావ్యమున నొక పాత్రకు షెఫీల్డు కత్తిని ధరింపజేసెను. కాబట్టి అప్పటికే యా యూరి కత్తికి పేరున్నది. 1624లో పార్లమెంటు శాసనమున హాలమ్‌షైర్ కత్తికారుల సంఘ మేర్పడెను. ఆ సంఘము చేసిన పనులలో ముఖ్యమైనది ప్రతి కమ్మరికిని ఒక్కొక్క ముద్ర నిచ్చి, దానిని పుస్తకమున నెక్కించుట. పేరులేని కత్తి యక్కడ లేదు.

1740 ప్రాంతమున హంట్సుమన్ అను గడియారములవాడు మూసలో నుక్కు కరగించు విధమును కనిపెట్టెను. తన యూరి కత్తికారులు ఇది మిక్కిలి కఠినము, సుత్తికి లొంగదు, మాకు వలదనిరి. అతడు దానిని ఫ్రాన్సునకు పంపెను. ఫ్రెంచివారు దానితో మేలైన కత్తులు చేసి ఇంగ్లండునకే యమ్మసాగిన పిమ్మట షెఫీల్డువారికి కన్నులు తెఱచుకొనెను. క్రొత్తదానిని మొదట కాదనుట యే దేశపు కమ్మరికైనను సహజమే గాబోలు. 1913లో బ్రేర్లీ యను షెఫీల్డువాడే తుప్పుపట్టని యుక్కును కనుగొన్నప్పుడును, ఇది తెగని కత్తికి తగిన యుక్కని కత్తికారులు ఎగతాళి చేసిరి. మఱి కొన్నియేండ్లకు ప్రపంచపు వంటయిండ్లన్నిట నదియే నిండెను.

ఆ పట్టణమున పెద్ద కార్ఖానాలు గలవు గాని, పని జరిగినది విశేషముగా చిన్నకొలుములలోనే. వానివారిని 'లిటిల్ మెస్టర్లు' అందురు. చిన్నయజమానులని మన యర్థము. ఒక చావడిలో దినవారపు బాడుగకో వారపు బాడుగకో తావు పుచ్చుకొని, ఒకడు కొట్టును, ఒకడు సాన పట్టును, ఒకడు పిడి వేయును. కత్తి మూడు నాలుగు చావడులు తిరిగి పూర్తి యగును. ఈ పద్ధతివలన చేతికి వచ్చిన నేర్పు అద్భుతము; కాని చేతికి వచ్చిన ధనము స్వల్పము. ఉక్కు అప్పుగా నిచ్చువాడు, కత్తి కొనువాడు, ధర నిర్ణయించువాడు ఒక్కడే, వాడు మధ్యవర్తకుడు. కొట్టిన చేతికిని కొనిన చేతికిని నడుమ నున్న చేతిలోనే లాభము నిలిచెను.

దీనికన్న ఘోరమైనది సానవారి పాటు. పొడిఱాతిపై ఉక్కు నొరయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి, ముండ్లచెంచాలకు సాన పట్టువారిలో ననేకులు ముప్పదియేండ్లు నిండకయే మరణించుచుండిరి. 1843లో హాలండను వైద్యుడు దీనిని గూర్చి గ్రంథమే వ్రాసెను. ధూళిని లాగివేయు పంకాలు వచ్చిన పిమ్మటను వానిని పెట్టించుకొననివారు చాలకాలము పెక్కురుండిరి. వృత్తిని పొగడువారు ఈ పుటను చించి పొగడరాదు.

పిమ్మట క్షయము. జర్మనీలోని జోలింగెను పట్టణమువారు యంత్రములతో కత్తులు చేసి చౌకగా నమ్మసాగిరి. షెఫీల్డు కత్తులకు పెద్దయంగడియైన అమెరికా 1890లో మెకిన్లీ సుంకమును విధించి తలుపు మూసెను. తమ చేతిపనియే గొప్పదను నమ్మకమున షెఫీల్డువారు యంత్రములను తెచ్చుకొనుటలో వెనుకబడిరి. రెండవ మహాయుద్ధానంతరము జపాను, హాంకాంగు, కొరియాల సరకు వచ్చి పడెను. చావడులు ఒక్కొక్కటిగా మూతపడెను. పదునాలుగవ యేట కొలిమిలో చేరి, మడతకత్తులు చేయుటలో ఖ్యాతిగాంచి, రాణిగారికిని కత్తి చేసి యిచ్చిన స్టాన్ షా 2021లో మరణించినప్పుడు, చిన్నయజమానుల తరము ముగిసెనని యా యూరు దుఃఖించెను.

ఆ చిన్నకొలుములలో నొకదాని కథ మేము ప్రత్యేకముగా చెప్పవలయును. ఈ వ్యాసమునకు హేతువు అదియే. 1902లో షెఫీల్డున ఎర్నెస్టు రైట్ అను పేర కత్తెరల సంస్థ వెలసెను. దర్జీకత్తెరలు, వంటయింటి కత్తెరలు, అన్నిరకముల కత్తెరలును అచ్చట చేయుచుండిరి. కుటుంబము తరతరములుగా నడిపెను. కత్తెర చూపునకు రెండు కత్తుల జంట. కాని రెండు కత్తులను మేకుతో బిగించినంతమాత్రమున కత్తెర కాదు. రెండు రెక్కలును లోవైపు నించుక బోలుగా, నించుక వంపుగా నుండవలయును. మూసినపుడు అవి యంతటను ఒకదాని నొకటి తాకరాదు. తాకుడు ఒక్క బిందువున మొదలై, మేకు దగ్గఱనుండి కొనదాక జాఱుచు పోవలయును. ఆ బిందువే తెగగొట్టునది. ఆ వంపును చిన్నసుత్తితో దెబ్బదెబ్బగా సరిచేయు నేర్పరిని వారు 'పుట్టర్' అందురు, కూర్చువాడని యర్థము. కన్నుతో చూచి, వ్రేళ్లతో తాకి, మూయునపుడు వచ్చు చప్పుడును చెవితో విని యతడు తీర్పు చెప్పును. ఈ నేర్పు పూర్తిగా అబ్బుటకు ఏండ్లు పట్టును.

చౌకసరకు వచ్చిపడుటచేత షెఫీల్డున కత్తెరలవారు తఱిగి తఱిగి ఈ సంస్థయు, 1760నుండి నడచుచున్న వైట్లీవారి సంస్థయు మాత్రమే ముఖ్యముగా మిగిలెను. 2014 ప్రాంతమున ఒక ఛాయాచిత్రకారుడు రైటువారి కూర్పరియొకని పనిని చిన్న చలనచిత్రముగా తీసెను. మాటలు లేవు, సుత్తి చప్పుడు, కత్తెర చప్పుడు, ముదుసలి చేతులు. ప్రపంచమున లక్షలకొలది జనులు దానిని చూచిరి. ఆదేశములు వెల్లువెత్తెను. సోదరులారా, ఇచ్చట ఆగి యాలోచింపుడు. మన మెల్లప్పుడు ఏమందుము? 'కొనువాడు లేడు, అందుచే వృత్తి చచ్చినది' అందుము. అచ్చట కొనువారు వేలకొలదిగా వాకిట నిలిచిరి. చేయు చేతులు మాత్రము మిక్కిలి కొద్ది. అవియు ముదిసిన చేతులు. క్రొత్తవానికి నేర్పుటకు ఏండ్లు కావలయును. కొనువాడు ఏండ్లు కాచుకొనడు. నేర్చుకొను కుఱ్ఱవానికి అంతకాలము భత్యమిచ్చుటకు మూలధనము కావలయును. 2018లో ఆ సంస్థ పడిపోయి, రుణదాతల పక్షమున నియమితులైన యధికారుల వశమయ్యెను. ఇది యొక్కటియే కారణమని మేము సిద్ధాంతము చేయము. వ్యాపారముల పతనమునకు హేతువులు పెక్కు లుండును. కాని ఆదేశములు లేక పడిపోలేదన్నది స్పష్టము.

కథ అంతటితో ముగియలేదు. హాలండుదేశీయు లిరువురు ఆ సంస్థను కొని తిరిగి తెఱచిరి. పాతకూర్పరులను పిలుచుకొని వచ్చి, వారియొద్ద క్రొత్తవారిని కూర్చుండబెట్టిరి. యంత్రములను కొనుటకన్న ముందు గురువులను నిలుపుకొనిరి. నేడా సంస్థ నడచుచున్నది.

ఇక మా యింటి కథ కొంచెము చెప్పుకొనుటకు సభవారు క్షమింతురు గాక. మా తండ్రిగారు నిజామాబాదు ప్రాంతపు పల్లెలో కమ్మరి. మా చిన్నతనమున మా కొలిమియందు రెండు దాగలులు, నలుగురు పనివారు. రైతులకు కర్రులు, కొడవండ్లు చేసినందుకు కళ్లమున మేర వచ్చును, అది తిండికి. చేతిలో పైక మాడునది కత్తులవలన. కత్తిపీటలు, అడకత్తెరలు, దర్జీకత్తెరలు చేసి వారపుటంగడిలో నమ్ముచుండిరి. తఱుగుడుపోయిన లారీ కమానుపట్టీల యుక్కును పాతసామాను వారియొద్ద తూకమునకు కొని తెచ్చెడివారు. ఆయన చేసిన కత్తెరకై పట్టణపు దర్జీలు మా యూరు వెదకికొని వచ్చినది మేమెఱుగుదుము.

పిమ్మట పట్టణపు వర్తకుడొకడు బయానా యిచ్చి సరకంతయు తానే కొందుననెను. మొదట సుఖముగానే యుండెను. మూడవయేటికి ధర అతనిది, లెక్క అతనిది, మాది చెమట. తరువాత కార్ఖానాలలో అచ్చుగ్రుద్దిన తళతళలాడు కత్తులు మా ధరలో మూడవవంతునకు అంగడికి వచ్చెను. వర్తకుడు మమ్ము విడిచి వానిని పట్టెను. ట్రాక్టరులు రాగా కర్రుల పనియు తఱిగెను. మేర నిచ్చు కళ్లములును తఱిగెను. పనివా రొక్కొక్కరుగా బొంబాయికిని గల్ఫుదేశములకును పోయిరి. మా తండ్రిగారు కడదాక ఒక్క దాగలితో కొలిమి నిలుపుకొని, 1994లో పరమపదించిరి.

అందఱమును వర్తకుని తిట్టితిమి, కార్ఖానాలను తిట్టితిమి. మేము మమ్ము మాత్రము తిట్టుకొనలేదు. ఇప్పుడు తిట్టుకొనుచున్నాము. మా తండ్రిగారు కత్తులకు పదును పెట్టుట సాయంసంధ్యవేళ మాత్రమే చేసెడివారు. పగటివెలుగులో కాకయొక్క నిజవర్ణము కనబడదనెడివారు. ముందు ఎఱ్ఱగా కాల్చి ముంచుదురు. తరువాత మెఱుగు పెట్టి మరల సన్ననిసెగను చూపుదురు. అప్పుడు ఉక్కుపై ఎండుగడ్డివన్నె, గోధుమవన్నె, ఊదా, నీలి అని వన్నెలు వరుసగా పరుగెత్తును. ఏ వన్నెకడ తీసి ముంచవలయునో, అడకత్తెరకు ఏది, దర్జీకత్తెరకు ఏది, ఆయనకు తెలియును. తిత్తి త్రొక్కుచు మేము ప్రక్కనే కూర్చుంటిమి. మా యొడిలో శబ్దమంజరి యుండెను. ఒకనాడు ఆయన 'బాబూ, ఇటు చూడు, ఇదీ వన్నె' అనిరి. మేము తల యెత్తునప్పటికి కత్తి నీళ్లలో నుండెను. మరల చూపుమని యడుగలేదు. 'పోనిమ్ము, నీవు చదువుకో' అనిరి.

సుశ్రుతుని మూడు పాయనములను మేము ముప్పదియేండ్లకు పైగా బడిలో పిల్లలకు చెప్పితిమి. మా తండ్రి కత్తెరకు పదును పెట్టిన వన్నె యేదో మాకు తెలియదు. ఆయన కడపటి కత్తెర మా యింట నున్నది. నేటికిని తడిగుడ్డను జాఱనీయక కోయుచున్నది. దాని రహస్యము దానిలోనే యున్నది. కర్మారుడు గ్రంథము వ్రాయలేదని పైన నంటిమి. వ్రాయదగిన కుమారుడు ప్రక్కనే యుండియు వ్రాయలేదు. ఆ దోషము మాది.

కాబట్టి సభవారికి మూడు మనవులు. మొదటిది: మన జిల్లాలలో పదును తెలిసిన ముదుసలి కమ్మరులు ఇంకను కొందఱున్నారు. వారు జీవించియుండగనే వారి పనిని చలనచిత్రములుగా తీయించి, వారి మాటలను వారి మాటలలోనే వ్రాయింపవలయును. రెండవది: మన సంఘము కళాశాలలకు పోవు బాలురకు విద్యార్థివేతనము లిచ్చుచున్నది, మంచిదే. కొలిమిలో గురువునొద్ద మూడేండ్లు కూర్చుండుటకు సిద్ధపడు బాలునకును, బాలికకును అంతే వేతన మీయవలయును. 2023లో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున కమ్మరివృత్తియు చేరినది; శిక్షణదినములలో దినభత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి ఋణమును గలవు. వానిని తప్పక వినియోగించుకొందము. కాని శిక్షణ దినములతో లెక్క. వన్నె తెలియుట ఏండ్లతో లెక్క. ఆ నడుమనున్న దూరమునకు సంఘమే వంతెన కావలయును. మూడవది: చేసిన ప్రతివస్తువునకును చేసినవాని ముద్ర యుండవలయును, సంఘమే ఆ ముద్రలను పుస్తకమున నెక్కించి, కొనువానికి చేయువానిని చూపవలయును.

'మసిలోనుండి బయటపడుటకే గదా పిల్లలను చదివించితిమి, మరల మసిలోనికి త్రోయుదువా' అని కొందఱు పెద్దలు మమ్మడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. సానధూళిచే చచ్చిన షెఫీల్డు పడుచువారిని మఱచి మేమీ మాట చెప్పుటలేదు. ధూళిని లాగు యంత్రము, తడిసాన, ఊపిరికి ముసుగు, ఇవి లేని కొలిమికి సంఘధనము ఒక్క రూపాయయు నీయరాదు. పిల్లలందఱును కమ్మరులు కావలయునని మేము కోరుటలేదు. తాలూకాకు ఒక్కడు మిగిలిన చాలును. పదునైన కన్ను, చదివిన చేయి, ఈ రెండును ఒక్కనియందు కూడిన నాడు ఫారడేవంటివాడు మన యింటను పుట్టును.

సభ జరుగు దినములలో మా తండ్రిగారి కత్తెరను ప్రదర్శనశాలయందుంచెదము. పదును తెలిసిన పెద్ద లెవరైనను దానిని చేతబట్టి, మూసి తెఱచి, చప్పుడు విని, ఇది ఫలానా వన్నె అని చెప్పగలిగిన, మే మచ్చటనే కాగితమును కలమును పట్టుకొని కూర్చుండియుందుము.

స్వస్త్యస్తు.